కుదువ పెట్టిన భాస్వరము

(యల్లాప్రగడ సుబ్బారావుగారి సంస్మరణార్థము వర్గల్ గ్రామమున చేసిన ఉపన్యాసపాఠము)



స్మారకోపన్యాసము చేయవచ్చినవాడు తనకు ఇచ్చిన గంటలో అరగంట కీర్తిశేషుని గుణవర్ణనమునకును, పావుగంట తన అయోగ్యతను ప్రకటించుకొనుటకును వినియోగించి, మిగిలిన పావుగంటలో విషయమును తాకీతాకక కూర్చుండుట మన సభలలో చిరకాలముగా సాగుచున్న ఆచారము. సుబ్బారావుగారు సభలకును పత్రికలకును దూరముగా మసలిన మనుష్యుడగుటచేత, ఆయన పేర జరుగు సభలో ఆ ఆచారమును కొంత సడలించుట ఆయనకు అప్రియము కాదని తలచి, నేరుగా మోరీనీటిలోనికి దిగుచున్నాను.

ఈ ఊరి గుట్టమీద విద్యాసరస్వతి కొలువైయున్నది. వసంతపంచమినాడు ఎక్కడెక్కడినుండియో తల్లిదండ్రులు పసిబిడ్డలను చంకనెత్తుకొని వచ్చి ఓనమాలు దిద్దించు చోటిది. అట్టి గుట్టక్రింద నిలుచుండి మురుగును గూర్చి మాటలాడెదనన్నచో ముఖము చిట్లించువారు ఉండవచ్చును. కాని సరస్వతి యను పేరు వాగ్దేవతకు చెల్లకముందే ఒక నదికి చెల్లినది. నీటి మంచిచెడ్డలను విచారించుట ఆమె సన్నిధిలో అపచారము కానేరదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివి, పిమ్మట బోస్టను నగరము చేరిరి. హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన మొదట సాధించినది ఔషధము కాదు, ఒక కొలత. రక్తమూత్రాదులలోని భాస్వరమును త్వరితముగాను విశ్వసనీయముగాను కొలుచు పద్ధతిని వారిరువురును 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును మాలిబ్డేటును చేర్చి, పిమ్మట అమైనోనాఫ్తాల్ సల్ఫోనికామ్లమను ద్రవ్యమును కొన్ని బొట్లు కలిపినచో, భాస్వరమెంత యున్నదో అంత గాఢముగా నీలివర్ణము తేలును. ఆ నీలిమను వారికి ముందే చూచినవారు గలరు. దానిని తప్పు చెప్పని త్రాసుగా దిద్దినవారు వీరు. కండరమునుండి తీసిన రసములో ఆ రంగు రావలసినంత వేగముగా రాక, నెమ్మదినెమ్మదిగా ముదురుచుండుట చూచి, మఱియొకడైనచో పద్ధతిలో లోపమని చేతులు దులుపుకొనియుండెడివాడు; వారు మాత్రము ఆ ఆలస్యమునకే కారణమును వెదకిపోయి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును పట్టుకొనిరి. ఏ.టి.పి. యని పొట్టిగా పిలువబడు ఈ రెండవదానిని ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా కనుగొనెను. ప్రాణియన్నది ఏదైనను, ఏనుగైనను బాక్టీరియమైనను, తన దినవెచ్చమును ఈ నాణెముతోనే జరుపుకొనును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది.

మురుగునీటితో సుబ్బారావుగారికి మఱియొక బంధుత్వము గలదు. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ నిలిచిన మోరీలలోనే గ్రుడ్లు పెట్టును. ఆ వ్యాధికి నేటికిని వాడుకలోనున్న డైఇథైల్ కార్బమజీన్ లెడర్లీ సంస్థలో ఆయన నడపిన పరిశోధనలనుండి వెలువడినది. ఇది ప్రస్తుతవిషయము కాదు, కాని చెప్పక దాటలేకపోతిని.

భాస్వరము మనుష్యుని చేతికి మొదట చిక్కినది గనిలో కాదు, మూత్రములో. 1669లో హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండు అను రసవాది మూత్రమును కాచికాచి బంగారము వచ్చునని ఆశపడగా, చీకటిలో వెలుగు ఒక విచిత్రపదార్థము వచ్చినది. పెరిగిన మనుష్యుడు దినమునకు సుమారొక గ్రాము మొదలు ఒకటిన్నర గ్రాముల వఱకు భాస్వరమును విసర్జించును. అనగా వేయిమంది యున్న పల్లె దినదినమును కిలోకు తక్కువ కాకుండ నీటికో నేలకో అప్పగించుచుండును. వెనుకటి దినములలో అది పెంటకుప్పమీదుగా చేనికి చేరెడిది. మరుగుదొడ్డికి నీరు, నీటికి గొట్టము, గొట్టమునకు మోరీ, మోరీకి చెరువు అను వరుస ఏర్పడినప్పటినుండి దాని దారి మారినది. దారి మారుటయే దోషము, భాస్వరము దోషి కాదు.

చెరువునకు చేరిన భాస్వరమేమి చేయును? కిలో భాస్వరము నూరు కిలోలకు మించిన శైవలపదార్థమును పెంచగలదు. కెనడాలోని అంటారియో రాష్ట్రమున డేవిడ్ షిండ్లరు 1973లో ఒక సరస్సును నడుమ తెర కట్టి రెండుగా విభజించి, రెండు వైపులను కర్బనమును నత్రజనిని వేయించి, ఒకవైపు మాత్రము భాస్వరమును కూడ వేయించినాడు. భాస్వరము పడిన వైపు కొన్ని వారములలోనే పచ్చటి చారువలె మారినది. రెండవ వైపు తేటగానే యుండెను. ఆకాశమునుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రము, వాదోపవాదములు ఎన్ని యేండ్లు సాగినను తీరని తగవును ఒక్క చూపులో తీర్చినది. మనవారును ఈ విషయమున కనులు మూసుకొని కూర్చుండలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఏ.ఆర్. జాఫరు, ఎమ్. మునవ్వరు, వి. వెంకటేశ్వర్లు మున్నగువారు 1950లనుండియు 1970ల వఱకు హైదరాబాదు చెరువులను, కుంటలను, మూసీనదిని వెంబడించి, ఏ నీట ఏ శైవలము ఎప్పుడు పెరుగునో విసుగులేక వ్రాసిపెట్టిరి. వారి వ్యాసములు విదేశపత్రికలలో అచ్చయినవి. మన మునిసిపాలిటీలలో వానిని చదివినవారు మాత్రము నాకు తారసపడలేదు.

ఈ ప్రాంతపు నీటి సంగతి నిప్పుడు కొంచెము చెప్పవలెను. 2020 మే 29న కొండపోచమ్మసాగరమునకు గోదావరిజలము ఎక్కినది, 15 టి.ఎం.సి. ల జలాశయము. మరుసటి యేడు ఏప్రిలు 6న ఈ వర్గల్ మండలములోని అవుసులపల్లియొద్ద ఆ నీటిని హల్దీవాగులోనికి విడిచిరి. నడివేసవిలో వాగు పారుట చూచి ముసలివారు గట్టున కూర్చుండి మురిసిపోయిరని విన్నాను. ఆ నీరు ఈ మండలపు చెరువులను నింపి, హల్దీతో సాగి, మంజీరలో కలిసి, నిజాంసాగరము చేరి, తిరిగి గోదావరిలోనికే పోవును. నీరిట్లు చుట్టివచ్చునప్పుడు ఊరూరి మోరీయు అందులో తన వంతు కలుపును. వానకాలపు వాగు కలిపినదానిని ఈడ్చుకొనిపోవును. ఏడాదిపొడుగున నిండియుండు చెరువో, అందినదానిని అట్టే పెట్టుకొనును. నీరు వచ్చినదని సంతోషించువారము, నిలిచిన నీటికి వేఱు జాగ్రత్త కావలెనని గూడ తెలిసికొనవలసియున్నది.

ఇక ప్రధానవిషయము. మురుగునీటిలోనికి గాలిని ఊదుచు, అందు పెరిగిన బురదను పారవేయక మరల మరల వాడుకొనినచో నీరు గంటలలో శుభ్రపడునని ఇంగ్లండులోని మాంచెస్టరునందు ఆర్డెర్న్, లాకెట్ అనువారు 1914లో ప్రకటించిరి. దానినే ఉత్తేజితపంకపద్ధతి యందురు. శుద్ధికేంద్రములలో పనివారు దానిని స్లడ్జి యని ఊరకొందురు. ఆ పరిశోధనకు ప్రేరకుడైన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగుళూరు వచ్చి భారతీయవిజ్ఞానసంస్థలో ఆచార్యుడయ్యెను. మాంచెస్టరున పుట్టిన విద్య రెండేండ్లలో మన దక్కనుపీఠభూమికి వచ్చి నాటుకొనుట చిన్న విషయము కాదు. అక్కడ మురుగుశాస్త్రమునకు ఒక పరంపర యేర్పడినది. నాలుగు దశాబ్దములు గడచిన పిమ్మట 1959లో, ఆ పరంపరయందే ఈ.జి. శ్రీనాథ్, సి.ఏ. శాస్త్రి, ఎస్.సి. పిళ్లై అను ముగ్గురు, గాలి బాగుగా తగిలిన స్లడ్జి మురుగునీటిలోని భాస్వరమును అత్యంతవేగముగా లాగివేయుచున్నదని ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. చిన్న వ్యాసమే. కాని ప్రపంచమున ఈ విషయమును గూర్చి వెలువడిన తొలి వార్తలలో అది యొకటి. నేటికిని ఈ శాస్త్రపు చరిత్రను వ్రాయు పాశ్చాత్యులు ఆ మూడు పేర్లతోనే మొదలుపెట్టుదురు. మన పాఠ్యపుస్తకములలో అవి కానరావు.

సాధారణముగా బాక్టీరియా తన దేహనిర్మాణమునకు వలసినంత భాస్వరమునే తీసికొనును. ఎండబెట్టిన స్లడ్జిలో అది నూటికి ఒకటిన్నర, రెండు పాళ్లు. బెంగుళూరులో కనబడినది ఆ హద్దు దాటిన ఆకలి. 1965లో అమెరికాలో గిల్బర్ట్ లెవిన్, జోసెఫ్ షపైరో దీనికి విలాసగ్రహణమని పేరు పెట్టిరి. ఈ లెవినే పదునొకండేండ్లకు పిమ్మట, వైకింగు నౌకలలో అంగారకగ్రహమును చేరిన జీవాన్వేషణయంత్రములలో ఒకదానిని రూపొందించినవాడు. మురుగుతొట్టిలో జీవమును వెదకినవాని చూపు గ్రహాంతరమునకు సాగుట నాకు మిక్కిలి సహజముగా తోచును. 1970లలో దక్షిణాఫ్రికాలో జేమ్స్ బార్నార్డు, తొట్టిలో ఒక భాగమును గాలి సోకకుండ ఉంచినచో ఈ ఆకలి స్థిరపడునని గ్రహించి శుద్ధికేంద్రములకు క్రొత్త నమూనా నిచ్చెను. ఇంతకును భాస్వరమును ఇట్లు లాగివేయు చోరుడెవడు? 1975లో అసినిటోబాక్టరు అను జీవి పట్టువడినది. దానినే చాలకాలము దోషిగా నిలిపిరి. ప్రయోగశాలలోని పళ్లెములో సులభముగా పెరిగినందుననే అది దొరికినదనియు, అసలువాడు వేఱనియు తరువాత తేలినది. పళ్లెములో పెంచకయే, జన్యుపదార్థమునుబట్టి స్లడ్జిలోని జీవులను గుర్తించు విద్య వచ్చిన పిమ్మట, 1990ల చివర, అక్యుములిబాక్టరు అను జీవి ముఖ్యుడని తెలిసెను. దీనిని శుద్ధముగా ఒంటరిగా పెంచినవాడు ఇంతవఱకు లేడు. ఇరుగుపొరుగు లేక బ్రతుకనేరని సంసారి యన్నమాట. టెట్రాస్ఫేరా వంటివి మఱికొన్ని దానికి తోడు.

ఈ జీవి చేయుపని ఏమి? ఒక రైతును తలచుకొనుడు. తొలకరికి ముందు చేతిలో రొక్కము లేదు. విత్తనమునకు అదను మించుచున్నది. ఇంటిలోని బంగారమును షావుకారు వద్ద కుదువ పెట్టి విత్తనము తెచ్చుకొనును. పంట ఇంటికి వచ్చినప్పుడు పెట్టినదానిని విడిపించుకొనుటయే గాక, ఆ యేడు పంట బాగైనచో మఱికొంత నగ చేయించి పెట్టెలో వేయును. ఈ బాక్టీరియా పెట్టెలోని బంగారము పాలీఫాస్ఫేటు. అనగా భాస్వరపు కణములను గొలుసుగా కూర్చి చుట్టచుట్టి దాచుకొన్న నిధి. దానితో పొటాసియమును మెగ్నీషియమును కూడ ఉండును.

మొదటి తొట్టిలో గాలి లేదు, నైట్రేటు లేదు. పులిసిన అంబలిలోవలె అక్కడ మురుగు పులియుటచేత ఎసిటికామ్లము మొదలైన చిన్న ఆమ్లములు పుట్టుచుండును, అవే ఆహారము. గాలి లేనందున మిగిలిన చాలా జీవులకు ఆ ఆహారమును లోనికి తీసికొని దాచుటకు శక్తి లేదు. మన జీవి మాత్రము పెట్టె తెరచి, పాలీఫాస్ఫేటును త్రుంచి, ఆ త్రుంపులోనుండి ఏ.టి.పి. ని పుట్టించుకొని, దానితో ఎసిటికామ్లమును లోనికి లాగి, కొవ్వువంటి పదార్థముగా మార్చి గుమ్మిలో నింపుకొనును. ఆ పనికి కావలసిన క్షయకరణశక్తిని చాలవఱకు తనలోని గ్లైకోజనును కరిగించి సంపాదించుకొనును. త్రుంచిన భాస్వరము నీటిలోనికి విడువబడును. కావున ఈ తొట్టిలో పరీక్ష చేసినచో భాస్వరము తగ్గుటకు బదులు పెరిగినట్లు కనబడును. ఈ మెలకువ తెలియని యువరసాయనికులు సీసా తప్పు పట్టితిమేమోయని మరల పోయి నమూనా తెచ్చుకొనుట నేను చూచితిని. ఒకప్పుడు నేనును ఆ యువకులలో ఒకడనే.

రెండవ తొట్టిలో గాలి పుష్కలము. కాని బయట తిండి అప్పటికి తరిగిపోయినది. ఆకలికి మాడు ఇతరజీవుల నడుమ మనవాడు గుమ్మి విప్పుకొని తినును, పెరుగును, గ్లైకోజనును మరల నింపుకొనును, విడిచిన భాస్వరమునంతను తిరిగి లాగుకొని, దానిపై మురుగుతో వచ్చిన క్రొత్త భాస్వరమును కూడ పెట్టెలో వేసికొనును. అట్లు నిండిన జీవులను నీటినుండి అడుగునకు దిగనిచ్చి, అందులో కొంత స్లడ్జిని దినదినమును బయటకు తీసినచో, భాస్వరము వానితోకూడ బయటకు వచ్చును. అప్పుడు స్లడ్జిలో భాస్వరము నూటికి అయిదు, ఏడు పాళ్లవఱకు చేరును; ఇండ్ల మురుగులో లీటరుకు అయిదుమొదలు పది మిల్లీగ్రాములవఱకు ఉండునది ఒకటికి దిగువకు పడును. గాలి యెప్పుడును ఉన్నచో ఈ జీవికి విశేషము లేదు, ఎప్పుడును లేనిచో బ్రతుకు లేదు. లేమియు కలిమియు వంతులవారీగా వచ్చు లోకములోనే కూడబెట్టువానికి ఆధిక్యము. శుద్ధికేంద్రమును కట్టు ఇంజనీరు ఆ రెండు ఋతువులను కొలది గంటలలో తిప్పుచుండును, అంతకంటె వాడు చేయునది యేమియు లేదు.

రైతుతో పోలిక ఇంతవఱకే. ఈ షావుకారు వడ్డీ తీసికొనడు.

ఈ ఏర్పాటుకు ఒక జ్ఞాతి గలదు. అక్యుములిబాక్టరువలెనే గాలి లేనిచోట ఎసిటికామ్లమును దాచుకొని, దానికి వలసిన శక్తిని భాస్వరమునుండి గాక గ్లైకోజనునుండి మాత్రమే పొందు జీవులున్నవి. అవి తిండి తినును, భాస్వరమును ముట్టవు. వేడిమి హెచ్చిన నీటిలో వీనిదే పైచేయి యగునని యూరపులోని శాస్త్రజ్ఞులు చెప్పుచుండుటచేత, ఉష్ణదేశములలో ఈ పద్ధతి నిలువదను అభిప్రాయము కొంతకాలము ప్రబలియుండెను. సింగపూరులో ముప్పది డిగ్రీలు గల నీటిలోను అది సాగుచుండుటచే ఆ అభిప్రాయము సడలినది. మన ఏప్రిలు, మే నెలల సంగతి మనమే చూచుకొనవలెను. చలిదేశపు పుస్తకములో మన ఎండ లేదు.

హైదరాబాదులోని అంబర్‌పేట కేంద్రము దినమునకు 339 మిలియను లీటరుల మురుగును స్వీకరింపగలది. అక్కడి ప్రధానపద్ధతి వాయురహితము. కర్బనమును తగ్గించుటలో దానికి పేరు గలదుగాని, వంతులు తిరుగనిదే భాస్వరము కదలదని పైన చెప్పితిని గదా. 2021లో మంజూరైన ముప్పదియొక్క క్రొత్త కేంద్రముల సామర్థ్యము మొత్తము 1,259.5 మిలియను లీటరులు. వానిలో ఎంచుకొన్న పద్ధతి ఒకే తొట్టిని నింపుట, గాలి యూదుట, తేర్చుట, వంచుట అను వంతులతో నడపునది. ఆ వంతులలో నింపుకాలమును గాలి లేక జరుపుకొనినచో మన జీవి అక్కడ కాపురముండగలదు. ఉండునో లేదో తొట్టి కాదు, తొట్టి నడపువాని ఓపిక నిర్ణయించును. చట్టము సంగతి విచిత్రము. 2017 అక్టోబరు 13నాటి కేంద్రప్రకటనలో మురుగుశుద్ధికేంద్రములకు విధించిన ప్రమాణములలో భాస్వరము ఊసే లేదు. 2019 ఏప్రిలు 30న జాతీయహరితన్యాయస్థానము పెద్ద నగరములలో చెరువులకు విడుచు నీటికి లీటరుకు ఒక మిల్లీగ్రామను హద్దును చెప్పినది. మోరీ ఒకటే, చెరువు ఒకటే, మాట రెండు.

పల్లెలకు ఇంత యంత్రాంగము అనవసరము. ఈ జిల్లాలోని ఇబ్రహీంపూరు ఇంటింటికి ఇంకుడుగుంత త్రవ్వుకొని పేరు తెచ్చుకొన్నది. మన చెలకలలోని ఎర్రమట్టిలో ఇనుము ఉండుటచేత అది భాస్వరమును గట్టిగా పట్టుకొనును. బాక్టీరియాను పెంచవలసినది మట్టి చాలనిచోట, జనము ఇఱుకైనచోట.

బయటకు తీసిన స్లడ్జి ఏమగునన్న ప్రశ్నను అడుగువారు తక్కువ. నేను చూచిన ఒకానొక శుద్ధికేంద్రమున నీటిని చక్కగా శుభ్రపఱచి, స్లడ్జిని మాత్రము మూతవేసిన తొట్టిలో వారములతరబడి నిలువయుంచిరి. గాలి లేనిచోట ఈ జీవి ఏమి చేయునో ఇంతకుముందే చెప్పితిని: పెట్టె తెరచును. భాస్వరమంతయు నీటిలోనికి దిగి, ఆ నీరు కేంద్రపు మొదటికి తిరిగివచ్చి, తీసినదే మరల తీయవలసివచ్చెను. అట్లు విడిచిన భాస్వరము మెగ్నీషియముతోను అమ్మోనియముతోను కలిసి గొట్టములలో రాయిగా పేరుకొనుటయు గలదు. ఆ రాయికి స్ట్రువైటు అని పేరు. 1845లో దానిని మొదట గుర్తించినదియు హాంబర్గు నగరముననే, పాత పెంటగుంట త్రవ్వినప్పుడు. నేడు కొన్ని దేశములలో ఆ రాయిని కావలెననియే పేర్చి, ఎరువుగా అమ్ముచున్నారు.

మనకిది వేడుకమాట కాదు. మన దేశపు భాస్వరపురాయి ఉదయపూరు దగ్గఱ ఝామర్‌కోట్ర వంటి కొలది చోట్లనే గలదు. అవసరములో అత్యధికభాగము ఓడలలో వచ్చును. ప్రపంచపు నిలువలలో నూటికి సుమారు డెబ్బది పాళ్లు మొరాకోవారి చేతిలో నున్నవి. 1967లో విశాఖపట్టణమున కోరమాండల్ ఎరువుల కర్మాగారము మొదలైననాటినుండి మన రైతునకు గ్రోమోరు బస్తా పరిచితమైనది. వానకాలము రాగానే డి.ఏ.పి. కొఱకు తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి నిలుచుండుటయు పరిచితమే. సముద్రము దాటివచ్చిన ఆ భాస్వరము చేనిలోనికి, అన్నములోనికి, మనలోనికి వచ్చి, మోరీలో పడి, చెరువులో గుర్రపుడెక్కయై, అడుగున పూడికయై పండుకొనును. 2015లో మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టరులు కట్టుకొని వచ్చి ఆ నల్లమట్టిని చేలకు తోలుకొన్నారు. వారికెవ్వరును పాలీఫాస్ఫేటును గూర్చి ఉపన్యసింపలేదు. అయితే మునుపటి పూడికకును నేటి నగరపు స్లడ్జికిని భేదము లేకపోలేదు: కర్మాగారపు నీరు కలిసినచోట లోహములు గూడ చేరును, పరీక్షింపక చేనికి తోలవచ్చునని నేను చెప్పను. ఇండ్ల మురుగును కర్మాగారపు మురుగుతో కలుపుటను మానుటయే అందులకు తొలిమెట్టు.

కాలాతీతమైనది. బల్లమీద మూడు గాజుగొట్టములున్నవి. మొదటిదానిలో పెద్దచెరువు నీరు, రెండవదానిలో ఈ ఉదయము బడివెనుక మోరీనుండి పిల్లలు ముంచి వడగట్టి తెచ్చిన నీరు, మూడవదానిలో నల్లానీరు. ఆమ్లమును మాలిబ్డేటును ముందే చేర్చియుంచితిని. సుబ్బారావుగారి నాటి ద్రవ్యమునకు బదులు నేటి ప్రయోగశాలలలో వాడు ఆస్కార్బికామ్లమును, అనగా ఉసిరికాయలోని సి విటమినునే, ఇప్పుడు మూడింటిలోను వేయుచున్నాను. రంగు తేలుటకు పది నిమిషములు పట్టును. పిల్లలు వరుసగా వచ్చి చూడవచ్చును. తొందరపడి గొట్టములను కదిలింపకుడు.